నాలుగు మూరలు

మా వైపు నేలకి లోపల లేదు.
నాలుగు మూరలు తవ్వితే చాలు
ఊట తన్నుకొస్తుంది,
గునపం మొన చుట్టూ ఆకాశం తేలుతుంది.
సెల్లార్ కట్టించిన బట్టల కొట్టాయన
రెండు వానాకాలాలు మోటారు పెట్టి తోడి తోడి
విసిగి, అందులో కొర్రమేను పిల్లల్ని వదిలాడు.

అందుకేనేమో
పాలకొల్లు కాలవ గట్టు హాల్లో
ఆ డబ్బింగు గుహ సినిమా ఆడినప్పుడు
ఎలా భయపడాలో జనానికి తెలీలేదు.
ఆరుగురు, తలలకి లైట్లు,
రాతి సందుకి పక్కటెముకలు ఒక్కొక్కటే అప్పజెబుతూ
పాకుతున్నారు.
వెనక దారి కూలింది.
ముందు దారి భుజాలకంటే సన్నం.
"అంత అవస్థపడి ఎందుకెళ్ళార్రా లోపలికి?"
నేల టిక్కెట్టులో ఎవడో అరిచాడు.
హాలు హాలంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.
ఆపరేటర్ క్యాబిన్, చెయ్యి చాస్తే గోడ,
రెండో చెయ్యి చాస్తే రెండో గోడ,
పదకొండేళ్ళుగా జానెడు కన్నంలోంచి
లోకాన్ని బయటికి పంపుతున్నవాణ్ణి.
ఆ కన్నంలోంచే చూశాను,
నవ్వనివాడు ఇంకొకడున్నాడు.
పులిదిండి ఏసురత్నం.
మూడో వరసలో, తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని.

నూతుల్లో వరలు దింపే మనిషి.
కూచుని కింద ఇసక తోడుతుంటే
వర దిగుతుంది, వరతో పాటు తనూ.
పైన ఊరు చాటంత అవుతుంది,
ఆనక కంచమంత.
ఎవరిదో ముఖం వంగి "టీ పంపమంటావా" అంటే
ఆ మాట గుండ్రంగా తిరిగి తిరిగి
తడిసి చేరుతుంది.

ఇంటర్వెల్లో బడ్డీ దగ్గర అన్నాను,
మన దగ్గర ఇలాంటి భయం లేదులే, నేలకి లోపలుంటే కదా!
"ఎందుకు లేదండి, ఉంది.
మనకంటే ముందు నీళ్ళెళ్ళి కూచుంటాయి, అంతే."
గ్లాసు అడుగున పంచదార తిప్పుతూ అన్నాడు,
"ఆ గుడ్డి జంతువు దేనికండి అందులో, దండగ.
గాలి చాల్టం లేదని ఒకడన్నాడు చూడండి,
నాకు సినిమా అక్కడే అయిపోయింది.
ముందు దీపం దింపాలండి.
దీపం ఆరిందా, మనిషి దిక్కూడదు.
చెప్పేవోడు లేడు ఆళ్ళకి."
సైకిలు స్టాండు తన్ని వెళ్ళిపోయాడు.
రెండో సగం చూడలేదు.

తరవాత కాలవ వంతెన మీద ఎక్కడ ఎదురైనా
అదే ప్రశ్న:
"ఆళ్ళు బయటికొచ్చారాండి?"
వచ్చి చూసుకో, టిక్కెట్టు నాది, అనేవాణ్ణి.
చెబితే పోయేది.

ఆషాఢంలో, రొయ్యల ఫ్యాక్టరీ వెనక,
మురుగు తొట్టి.
పైన ఇనప మూత, రెండడుగులు.
అల్లుడు కురాకుల దానియేలు దిగాడు ముందు.
పిలిస్తే పలకలేదు.
ఊరందరికీ దీపం సంగతి చెప్పినవాడు
దీపం కోసం ఆగలేదు.

నిజంగా నాలుగు మూరలే ఆ లోతు.
నిలబడితే చేతి వేళ్ళు ఎండలోకి వచ్చేవి.
జంతువు లేదు, సంగీతం లేదు,
పక్కన ఐసు కొట్టే మిషను చప్పుడు మాత్రం
షిఫ్టు అయ్యేదాకా ఆపలేదట.

నలభయ్యో రోజున వెళ్ళాను.
చూరు కింద వరల అచ్చు బోర్లించి ఉంది,
దాని మీద కోడి.
పక్కన మేకుకి లాంతరు,
తాడు చుట్ట చుట్టే ఉంది.
సంతోషమ్మ మంచినీళ్ళిచ్చింది,
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
నేను లేవబోతుంటే అడిగింది:
"ఏదో సినిమా గురించి అడుగుతుండేవోరండి మీ తమ్ముడు.
కొండలోకెళ్ళినోళ్ళు,
ఆళ్ళు బయటికొచ్చారా?"

ఆ సినిమా వారంలో ఇరవై ఎనిమిది ఆటలు వేశాను.
ఒక్క ఆటలోనూ ఒక్కరూ రాలేదు.

వచ్చారమ్మా, అన్నాను. ఆరుగురూ.

ఆవిడ లాంతరు వైపు చూసింది.
"ఎవరో దీపం దింపుంటారు," అంది.